తుప్పు పట్టిన పాతకారు - బాగుచేయింపదగునా?

మన సంఘ సభ్యుల యిండ్లలో మోటారుకారు ఇప్పుడు వింత వస్తువు కాదు. క్రొత్తది లేని యింట పాతదైనను ఒకటి యుండును. అది కొన్నాళ్లు తిరుగును, కొన్నాళ్లు గడ్డివామి ప్రక్కను, వేపచెట్టు క్రిందను నిలిచిపోవును. నిలిచినది తుప్పు పట్టును. అప్పుడు ఇంటిలో తగవు పుట్టును. “బాగుచేయింతము” అని ఒకరు, “అమ్మివేయుడు” అని ఒకరు, “నాన్నగారి కారు, అట్లే యుండనిండు” అని వేఱొకరు. వీరిలో ఎవరి మాట వినవలయునో యెట్లు తేల్చుకొనుట యని కొంతకాలముగా పలువురు సభ్యులు మమ్ము అడుగుచున్నారు.

వరియు, మినుమును, పచ్చిరొట్టయు గూర్చి వ్రాయు మాకు మోటారుకారుతో ఏమి పని యని కొందఱు తలంపవచ్చును. పని కలదు. వేసవి చివర కారు షెడ్డువానికి చెల్లించు సొమ్ము, తొలకరిలో విత్తనములకును, ఎఱువులకును, కూలికిని దాచుకొనిన సొమ్మే. కారునకు పోయినది పొలమునకు రాదు. అంతట పంట ఋణము తీర్చు గడువు తప్పును. మూడు లక్షల రూపాయలలోపు స్వల్పకాలిక పంట ఋణమునకు వడ్డీ 7 శాతము. గడువులోగా తీర్చినవారికి అందులో 3 శాతము తగ్గింపు వచ్చి 4 శాతమే పడును. గడువు తప్పినవానికి ఆ తగ్గింపు లేదు. కావున కారునకు పట్టిన తుప్పు కారుతోనే నిలువక, సంఘపు ఖాతా పుస్తకమువఱకు ప్రాకుచున్నది.

మొదట తుప్పు సంగతి తెలిసికొందము. ఇనుము, నీరు, గాలిలోని ప్రాణవాయువు ఒక్కచోట కలిసినప్పుడు తుప్పు పుట్టును. అల్యూమినియము మీద పట్టు పలుచని పొర లోపలి లోహమును కాపాడును. ఇనుపతుప్పు అట్టిది కాదు. అది గుల్లయై, తేమను పీల్చి పట్టుకొని, తన క్రిందనున్న మంచి ఇనుమును తినుచుండును. పైగా అది తాను పుట్టిన ఇనుముకంటె ఎన్నోరెట్లు ఎక్కువ చోటు ఆక్రమించును. రెండు రేకులు అతికినచోట సందున తుప్పు పుట్టినయెడల ఆ రేకులు ఉబ్బి విడివడుటకు ఇదియే హేతువు. నీటిలో ఉప్పు కలిసినచో ఈ నాశనము మిక్కిలి త్వరపడును. సముద్రపు గాలి తగులు దివిసీమ, నిజాంపట్నము, నరసాపురము ప్రాంతములలోని కారును, అదే వయస్సు గల అనంతపురపు కారును ప్రక్కప్రక్కను నిలిపి చూచినవారికి ఈ సంగతి మేము చెప్పనక్కఱలేదు.

రైతు కారునకు పట్టణపు కారునకు లేని శత్రువులు మఱికొందఱు కలరు. పొటాష్ ఎఱువని మనము వాడు మ్యూరియేట్ ఆఫ్ పొటాష్ రసాయనరీత్యా ఒక ఉప్పు, పొటాషియం క్లోరైడు. బస్తా చిల్లుపడి నాలుగు గుప్పిళ్లు డిక్కీలో ఒలికినచో అది చాపక్రింద చేరి, వానాకాలపు తేమను పట్టుకొని, ఆరునెలలలో రేకును జల్లెడ చేయును. రొయ్యల చెఱువులవారు మంచుపెట్టెలను వెనుకసీటు మీద పెట్టి తెచ్చుట మేము చూచియున్నాము. ఆ పెట్టెలనుండి కారునది మంచినీరు కాదు. గొడ్లసావిడి ప్రక్కను నిలిపిన కారునకు మూత్రపు చెమ్మ క్రిందినుండి తగులును. కోళ్లు పైన వ్రాలిన కారు సంగతి చెప్పవలసినది లేదు. ఇక పరదా కప్పినాము గదా యని ధైర్యముతో నుండువారు కలరు. గాలి చొరకుండ నేలవఱకు ప్లాస్టిక్ పరదా కప్పిన కారు, కప్పనిదానికంటె త్వరగా చెడును. నేలచెమ్మ పైకి లేచి లోపలనే నిలిచిపోవుటచే అట్లగును.

తుప్పంతయు ఒకటి కాదు. రంగు లేచినచోట ఎఱ్ఱగా పైపైని పట్టినది మొదటిది. ఇసుక కాగితముతో రుద్దిన తెల్లని ఇనుము కనబడును. దీనికి భయపడవలసిన పని లేదు. పొరలు పొరలుగా లేచునది రెండవది. అక్కడ రేకు పలుచనైనది. వ్రేలితో నొక్కిన లోనికి పోవునది మూడవది. అది రేకు కాదు, రేకు ఆకారమున నిలిచియున్న మన్ను. రంగు క్రింద బొబ్బలు లేచిన చోటును మాత్రము చులుకనగా చూడరాదు. పైనుండి పుట్టిన తుప్పు రంగును గీరుకొని బయటపడును. బొబ్బలుగా వచ్చునది తఱచుగా లోపలినుండి రేకును తిని బయటకు వచ్చినది.

అయితే తుప్పు ఎంత యున్నది యనుదానికంటె ఎక్కడ నున్నది యనునదియే ముఖ్యము. దీనికి కారు కట్టడి తెలియవలయును. జీపును మన యెడ్లబండితో పోల్చవచ్చును. బండికి నొగలు, ఇరుసు బలము. పైన కట్టిన తడిక చినిగినను బండి నడచును, తడిక మార్చుకొనవచ్చును. జీపునకును క్రింద నిచ్చెనవలె ఇనుప చట్రము వేఱుగా నుండి, దానిమీద డొల్ల బోల్టులతో బిగింపబడియుండును. అంబాసిడరు, మారుతి 800 అట్టివి కావు. అవి వెదురుగాదె వంటివి. గాదెకు వేఱే స్తంభములు లేవు. అల్లిన గోడయే దాని బలము. ఈ కార్లలో నేలరేకు, తలుపుల క్రింది పెట్టెవంటి అంచులు, స్తంభములు, చక్రముల మీది గూళ్లు అన్నియు కలిసి చట్రపు పనిని చేయుచున్నవి. కావున జీపు నేలకు పడిన చిల్లు చినిగిన తడిక; అంబాసిడరు తలుపుక్రింది అంచునకు పడిన చిల్లు గాదెగోడకు పడిన చిల్లు. తలుపు, బానెట్టు, డిక్కీమూత, బంపరు ఎట్టి కారులోనైనను ఊడదీసి మార్చదగినవే. అవి చూడ నెంత వికారముగా నున్నను నిర్ణయమునకు లెక్కకు రావు. చూపరులు మొదట చూచి బెదరునది మాత్రము వానినే.

దివిసీమలో ఒక సభ్యుని కారును చూడవలసిన పని మాకు తటస్థించినది. అది 1996 నాటి పెట్రోలు అంబాసిడరు, ఆయన తండ్రిగారు కొన్నది. ఈ సభ్యుడు నాలుగెకరముల స్వంతభూమి గలవాడు, కొంత కౌలుకును చేయుచున్నాడు. తల్లిగారికి మూత్రపిండముల వ్యాధి. వారమునకు రెండు మార్లు డయాలిసిస్ చికిత్సకై బందరు తీసికొనిపోవలయును. రాకపోకలు కలిపి 80 కిలోమీటర్లు. కారు రెండేండ్లుగా కదలలేదు. షెడ్డు మేస్త్రీ ఒకడు వచ్చి చుట్టును తిరిగి చూచి, “డెబ్బదివేలు ఇప్పించండి బాబూ, క్రొత్తదానివలె చేసి యిచ్చెదను” అనెనట. సార్వా నాట్లకు దాచిన 1,20,000 రూపాయలు ఇంటిలో నున్నవి. అందులోనుండి ఇచ్చివేయుటకు ఆయన సిద్ధముగా నుండెను. ఇచ్చుటకు ముందు మమ్ము ఒకసారి చూడుమని కోరెను.

మేస్త్రీ చాప ఎత్తలేదు, క్రిందికి దూఱలేదు. చాప ఎత్తక చెప్పిన మొత్తమును అంచనా యని మేము అనము.

మేము చేసినదంతయు ఏ రైతైనను స్వయముగా చేసికొనదగిన పనియే. ముందునాడు కారు అడుగుభాగమును నీటితో కడిగించితిమి. గూళ్లలో గట్టిపడిన బురద క్రింద ఏమున్నదో బురద పోయినగాని తెలియదు. మఱునాడు ఆరిన పిమ్మట చదునైన గట్టినేలమీద జాకీతో ఎత్తి, నాలుగువైపుల దిట్టమైన కఱ్ఱదిమ్మలు పెట్టితిమి. జాకీ యొక్కదానినే నమ్మి కారు క్రిందికి పోరాదు. జాకీ జారి మనుషులు చచ్చిన సందర్భములు కలవు, తుప్పుకారు క్రింద జాకీ నిలుచుచోటే విఱుగవచ్చును. ఒక టార్చిలైటు, చిన్న సుత్తి, స్క్రూడ్రైవరు, పాత స్పీకరునుండి తీసిన అయస్కాంతము, ఇవియే మా సాధనములు.

కుండ కొనునప్పుడు తట్టి చూచి కొందుము గదా. మంచి రేకు ఖంగున మ్రోగును, తినబడినది బొద్దుగా పలుకును. సుత్తితో తట్టుచు పోయి, శబ్దము మారినచోట స్క్రూడ్రైవరు మొనతో నొక్కి చూడవలయును. అయస్కాంతమునకు పని వేఱు. చిల్లులమీద లప్పము పూసి రంగు వేసిన కారు కంటికి నున్నగానే యుండును. లప్పమునకు అయస్కాంతము అంటదు. పాతకారును కొనబోవువారు ఈ యొక్క పరీక్షను మరువకుందురుగాక.

చూచినకొలది సంగతి తేలినది. బానెట్టు ముందు అంచు, రెండు తలుపుల క్రిందిభాగములు చిల్లులు పడినవి; వీనిని లెక్క చేయలేదు. డ్రైవరు కాళ్ల క్రింది రబ్బరుచాప ఎత్తగా చెఱువువాసన కొట్టినది, స్క్రూడ్రైవరు నేలరేకును దాటి మట్టిలో గ్రుచ్చుకొన్నది. డిక్కీలో స్టెప్నీచక్రపు గుంటలో రేకు లేనే లేదు. ఇంతవఱకును అతుకు వేయదగిన పనియే. ఎడమవైపు వెనుక చక్రపు కమానుకట్టను కారునకు పట్టియుంచు చోట తట్టగా చేటెడు పొరలు రాలినవి. ఎడమ తలుపుల క్రింది అంచు ముందునుండి వెనుకకు మూడువంతులు మన్నైనది. దిమ్మలు తీసి, ఎడమప్రక్క మధ్యను నెమ్మదిగా జాకీ పెట్టి ఎత్తి చూచితిమి. చక్రము లేవవలసినది, అంచే లోనికి ముడుచుకొన్నది; వెనుక తలుపు తెఱచినచో మఱల మూయబడలేదు. అంతట మేము జాకీ దించివేసితిమి. గాదెగోడ వంగినది.

ఈ భాగములను బాగుచేయుట అసాధ్యము కాదు. చెడినదంతయు మంచి ఇనుము తగులువఱకు కోసివేసి, 18 గేజి రేకును వంచి క్రొత్త పెట్టె అంచు కట్టి, కొలతలు తప్పకుండ కారును దిమ్మలపై నిలిపి అతుకవలయును. కొలత అంగుళము తప్పినచో చక్రములు వరుస తప్పి, టైర్లు ఒకప్రక్కనే అరుగును. కమానుకట్ట పట్టు ఊడినచో నడిరోడ్డుమీద వెనుక ఇరుసు ప్రక్కకు జరుగును. అట్టి పని తెలిసిన చేతులు తక్కువ, కూలి ఎక్కువ. విజయవాడ ఆటోనగరులో ఆరితేరిన పనివాడొకడు ఆ ఫోటోలు చూచి, లక్షా పదివేలకు తగ్గదనియు, విప్పిన తరువాత ఇంకను పెరుగవచ్చుననియు చెప్పెను. విప్పినకొలది పెరుగునని ముందే చెప్పు పనివానిని మేము ఎక్కువ నమ్ముదుము.

ఇక లెక్క. పాతకారు విషయములో జనులు వేయు లెక్కలలో రెండు పొరపాట్లు సాధారణము. “ఇదివఱకే దీనిమీద ఎనుబదివేలు పెట్టితిని, ఇప్పుడు వదలుట యెట్లు?” అనునది మొదటిది. నీరు పడని బోరును రెండువందల అడుగులు త్రవ్వినవాడు, త్రవ్విన ఖర్చునకు జడిసి మఱి నూఱు అడుగులు త్రవ్వించుట మన గ్రామములలో చూచుచునే యున్నాము. పోయినసొమ్ము ఇంకను త్రవ్వుటకు కారణము కాదు. “ఈ కారు ధర ముప్పదివేలే, లక్ష పెట్టి బాగుచేయుట వెఱ్ఱి” అనునది రెండవది, ఇదియు సరికాదు. తుప్పుకారు ధరతో మనకు పని లేదు. బాగుచేయించు ఖర్చును, అంతే పని చేయగల గట్టికారు ధరతోను, బాడుగ ఖర్చుతోను పోల్చి చూడవలయును. ఏడాదికి ఎన్నిసార్లు కారు కావలయునో అది తెలియక ఏ పోలికయు నిలువదు.

దివిసీమ సభ్యునికి ఏడాదికి 104 ప్రయాణములు తప్పవు. బాడుగకారు ఒక్కొక్క ప్రయాణమునకు 1,500 రూపాయలు అడుగుచుండెను, ఏడాదికి 1,56,000. అంబాసిడరును 1,10,000 పెట్టి బాగుచేయించినచో మూడేండ్లు నడచుననుకొనినను ఏడాదికి సుమారు 36,700 పడును. భీమా, టైర్లు, చిల్లర మరమ్మతులకు 30,000 వేసితిమి. లీటరుకు 10 కిలోమీటర్లు నడచు ఆ కారు ఒక్క ప్రయాణమునకు 8 లీటర్లు త్రాగును. లీటరు 110 రూపాయల లెక్కన ఏడాదికి 91,500. మొత్తము 1,58,200. అనగా పొలము సొమ్ము తీసి, శ్రమపడి, నడిరోడ్డున నిలిచిపోవునేమో యను భయముతో నడిపిన స్వంతకారు బాడుగకారుకంటె ఒక్క రూపాయియు మిగుల్చుట లేదు. లక్షా అరువదివేలకు గట్టి చిన్నకారు పాతది కొని ఐదేండ్లు వాడినచో ఏడాదికి 32,000, పోషణకు 20,000, లీటరుకు 16 కిలోమీటర్ల చొప్పున పెట్రోలుకు 57,200, మొత్తము 1,09,200. బాడుగకంటె దాదాపు 47 వేలు తక్కువ. ఈ యంకెలు ఆయనవి. మీ ఊరి దూరమును, మీ ఊరి బాడుగను వేసికొని ఎవరికి వారు చూచుకొనవలయును. నెలకొకమారు పెండ్లికో తిరునాళ్లకో పోవువానికి ఈ లెక్క తలక్రిందులగును. ఏ కారును అక్కఱలేదని తేలును.

లెక్క చూపిన తరువాత ఆయన చాలసేపు మాటాడలేదు. పిమ్మట, “అయ్యా, మా చెల్లెలిని అత్తవారింటికి ఈ కారులోనే పంపితిమి. నాన్న ఆఖరున ఆసుపత్రికి పోయినదియు ఇందులోనే” అనెను. దీనిని చూచి నవ్వువారితో మేము చేరము. ఎద్దు ముసలిదైనను కొట్టమున ఉంచుకొనువారు మన జాతిలో కలరు, వారు లెక్క తెలియనివారు కారు. తండ్రి గుర్తుగా కారు నిలుపదలచినవాడు నిలుపవచ్చును. కాని ఆ ఖర్చును గుర్తు ఖర్చని వ్రాసికొని, చేతనైనప్పుడు పెట్టవలయును; తల్లి వైద్యపు ఖర్చని పేరు పెట్టి నాట్ల సొమ్ము తీయరాదు. ఈ మాటనే ఆయనతో చెప్పితిమి. పెద్దావిడ అరుగుమీదనుండి వినుచుండెను. “ఆ కారు ఎక్కవలెనన్న నాకే భయముగా నున్నది నాయనా” అని ఆమె అన్నది. కొడుకు ఆ మాట అంతకుముందు వినలేదట.

నాట్ల సొమ్ము కదల్చలేదు. ప్రక్కయూరిలో అదే దినములలో అదే చికిత్సకు పోవు రోగి మఱియొకడు కలడని విచారణలో తెలిసినది. రెండు కుటుంబములును ఒకే బాడుగకారులో పోవుచున్నవి, చెఱిసగము ఇచ్చుకొనుచున్నవి. ఆ లెక్కన ఏడాదికి 78,000 మాత్రమే. కారు కొనుటకంటెను ఇది చౌక. అయినను నడిరేయి ఆయాసము వచ్చినచో రోగికి బాడుగకారు దొరకునా యను ప్రశ్న మిగిలియున్నది. సార్వా ధాన్యము అమ్మిన తరువాత చిన్నకారు సంగతి ఆలోచింతునని ఆయన అన్నాడు. అది ఆయన యిష్టము.

కాగితముల విషయము ఇచటనే చెప్పెదము. స్వంతకారు రిజిస్ట్రేషను 15 ఏండ్లు చెల్లును. పిమ్మట ఐదేండ్లకొకమారు కారును చూపి పునర్నమోదు చేయించుకొనవలయును. 15 ఏండ్లు దాటిన కారునకు ఈ రుసుము 2022 ఏప్రిలు 1 నుండి 5,000 రూపాయలు. 2025 ఆగస్టులో వచ్చిన సవరణచే 20 ఏండ్లు దాటినవానికి 10,000. రాష్ట్రపు హరిత పన్ను వేఱు. ఆ అంబాసిడరునకు 2011, 2016, 2021 లలో పునర్నమోదు జరిగినది, తరువాతి గడువు 2026. కావున లక్షాపదివేల పైని ఈ పదివేలును పడవలసియుండెను, నేల చిల్లుపడిన కారు పరీక్షలో నిలుచుననుటయు లేదు. అంబాసిడరు తయారీ ఉత్తరపారా కర్మాగారములో 2014 మే మాసమున నిలిచిపోయినది. మారుతి 800 తయారీయు అదే యేడు జనవరిలో ఆగినది. ఇంజను సామానులు ఇంకను దొరకునుగాని, డొల్లభాగములకు మఱియొక పాతకారును కోయవలసినదే. అదియు మన కారువలెనే తుప్పు పట్టియుండవచ్చును.

కారును వదలుకొనువారు పాత ఇనుమువానికి తూకమునకు వేసి చేతులు దులుపుకొనరాదు. అంబాసిడరు బరువు 1,100 కిలోలకు పైబడి, మారుతి 800 బరువు సుమారు 650 కిలోలు. అంతయు ఇనుము కాదు. తూకపు బేరములో ఈ తేడా మరువరాదు. తూకముకంటె ముఖ్యమైనది నంబరు. రిజిస్ట్రేషను రద్దు కాని కారు నంబరును వేఱొక బండికి తగిలించి ఎవడైన నేరము చేసినచో పోలీసువారు మొదట వచ్చునది మన యింటికే. మోటారు వాహనముల చట్టము, 1988, ప్రకారము ఇక పనికిరాని వాహనము సంగతిని యజమాని 14 దినములలోగా, లేక వీలైనంత త్వరలో, రిజిస్ట్రేషను అధికారికి తెలుపవలయును. 2021 నాటి నియమముల క్రింద ప్రభుత్వమున నమోదైన తుక్కుకేంద్రములకు కారు అప్పగించినచో వారు డిపాజిటు పత్రము నిత్తురు. ఆ పత్రముతో క్రొత్త వాహనము కొనువారికి రిజిస్ట్రేషను రుసుము మినహాయింపును, రాష్ట్రము ఒప్పిన మేర స్వంత వాహనపు పన్నులో 25 శాతమువఱకు తగ్గింపును కలవు. పాతకారు కొనువారికి ఈ లాభము లేదు.

ఇంత చెప్పినందున తుప్పుకారులన్నియు తుక్కునకే పోవలయునని మా అభిప్రాయమని అనుకొనరాదు. నూజివీడు ప్రాంతమున ఒక మామిడితోట రైతు జీపు, చూచుటకు అంబాసిడరుకంటె హీనముగా నుండెను. కూర్చుండు సీటు క్రిందనుండి రోడ్డు కనబడుచుండెను. కాని క్రింది చట్రమును ముందునుండి వెనుకవఱకు సుత్తితో తట్టగా ఒక్కచోటనైనను శబ్దము మారలేదు. కమానుకట్టల పట్టులును, స్టీరింగుపెట్టె బిగించిన చోటును గట్టివి. బ్రేకు గొట్టములు మాత్రము పొరలు లేచియున్నవి. వానిని అన్నిటికంటె ముందు మార్పించుమంటిమి. నేలకు చిల్లుపడిన కారులో మనుషులు దిగి నడువవచ్చును, బ్రేకు గొట్టము పగిలిన కారు ఆగదు.

ఆ జీపు డొల్లను చట్రమునుండి ఎత్తి దించిరి. చెడిన నేలరేకులను కోసి క్రొత్తవి అతికిరి. అతుకు పనికి ముందు బ్యాటరీ తీగ ఊడదీసి, పెట్రోలు టాంకిని దూరముగా పెట్టించితిమి. ఖాళీ టాంకి యని దానిమీదనే వెల్డింగు చేయబోవు సాహసులున్నారు. ఖాళీటాంకిలోని ఆవిరియే ప్రేలును. పైపైని తుప్పున్న చోట్లను తీగబ్రష్షుతో రుద్ది, ఫాస్ఫారిక్ ఆమ్లము గల తుప్పుమందు పూసిరి. అది తుప్పును ఇనుప ఫాస్ఫేటుగా మార్చి గట్టిపఱచునుగాని, పోయిన రేకును తిరిగి తేదు. చిల్లుమీద మందు పూయుట వృథా. పిదప ప్రైమరు, పిదప రంగు, అన్నిటికి చివర అడుగున నల్లని పూత. పనివారు కొందఱు తుప్పు తీయకయే ఈ నల్లపూత దట్టింతురు; అట్లు చేసినచో తేమ లోపల చిక్కుకొని, పూత క్రింద ఎవరికిని కనబడకుండ రేకు కరిగిపోవును. అతుకులు వేసిన మఱునాడు, రంగు వేయకమునుపే, మేము పోయి అడుగు చూచితిమి. డబ్బు సగము అప్పుడు, సగము అటుపిమ్మట ఇప్పించితిమి. రంగు వేసిన తరువాత చూచుటకు ఏమియు మిగులదు.

పని మొత్తము పదునాఱు దినములు పట్టినది. రైతు క్రొత్త నేలకు రబ్బరుచాప వేయుటకు ఇష్టపడలేదు, అది మంచిదే యనుకొంటిమి. నేలకును తలుపులకును అడుగున నీరు పోవు కంతలు కలవు. ఆకులు, మట్టి పట్టి అవి మూసికొనిపోయినచో తలుపు నీటికుండ యగును. కోతల కాలములో తోటనుండి మార్కెట్టునకు కాయలు దింపివచ్చిన సాయంకాలములలో ఆయన కుమారుడు జీపును ఏటవాలుగా నిలిపి, చీపురుపుల్లతో ఆ కంతలను పొడిచి, నీరు కారిపోవువఱకు నిలుచుండి, అటుపిమ్మట షెడ్డులోనికి తోలుచున్నాడు.